ప్రకటన ఆగస్టులో, ఫోన్ అక్టోబరులో: మన దేశంలో ఫోన్ల ప్రీ-బుకింగ్ సేవపై సమీక్ష

గూగుల్ పిక్సెల్ 4ఏ ఫోన్‌ను 2020 ఆగస్టు 3న ప్రకటించింది. అమెరికాలో ఆగస్టు 20కల్లా అమ్మకానికి పెట్టింది. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్‌లో అది దొరికింది అక్టోబరు 16న. ప్రకటన నుంచి మన అమ్మకం దాకా 74 రోజులు. పిక్సెల్ ప్రకటన మర్నాడే వన్‌ప్లస్ నార్డ్ మన దగ్గర అమ్మకానికి వచ్చేసింది, 8 జీబీ ర్యామ్ మోడల్ 27,999 రూపాయలకు. పిక్సెల్ కోసం ఆగినవాళ్లు రెండున్నర నెలలు పాత ఫోన్‌తో నెట్టుకొచ్చారు. చివరికి కొన్నాక కూడా నష్టం తీరలేదు. పిక్సెల్ 4ఏకు గూగుల్ హామీ ఇచ్చిన భద్రతా అప్‌డేట్ల గడువు 2023 ఆగస్టు. అమెరికాలో తొలిరోజు కొన్నవారికి మూడేళ్లు దక్కితే, ఇక్కడ తొలిరోజు కొన్నవారికి రెండేళ్ల పది నెలలే దక్కాయి. పూర్తి ధర కట్టి తక్కువ కాలం వాడుకున్నట్టు.

ఫోన్ల సమీక్షల్లో ఈ లెక్క దాదాపు ఎక్కడా కనపడదు. కెమెరాకు మార్కులుంటాయి, బ్యాటరీకి మార్కులుంటాయి. చూపించిన ఫోన్‌ను చెప్పిన ధరకు, చెప్పిన రోజున, మన ఊరి పిన్ కోడ్‌కు చేర్చారా లేదా అన్నదానికి మాత్రం మార్కులుండవు. అందుకే ఇక్కడ ఫోన్లను పక్కన పెట్టి, ప్రకటన నుంచి డెలివరీ దాకా కంపెనీలు, ఆన్‌లైన్ దుకాణాలు అందిస్తున్న సేవనే పరిశీలిస్తున్నాం.

ముందు తేదీల సంగతి. 'లాంచ్' అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు తేదీలుంటాయి. వేదిక మీద చూపించే రోజు, బుకింగ్ తెరిచే రోజు, తొలి అమ్మకం రోజు, మనం కోరుకున్న రంగు, స్టోరేజీ ఉన్న మోడల్ మన పిన్ కోడ్‌కు వచ్చే రోజు. వార్తల్లో మొదటిది మోగిపోతుంది, మూడోది చిన్న అక్షరాల్లో ఉంటుంది, నాలుగోది ఎవరూ చెప్పరు. కొనేవాడికి పనికొచ్చేది ఆ నాలుగోదే.

ఈ నాలుగో తేదీ దగ్గరే ఎక్కువమంది మోసపోయినట్టు భావిస్తారు. మళ్లీ నార్డ్ సంగతే తీసుకోండి. 2020 జూలై 21న ప్రకటించినప్పుడు ఎక్కడ చూసినా వినిపించిన ధర 24,999. అది 6 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ మోడల్‌ది. ఆగస్టులో అమ్మకాలు మొదలైనప్పుడు ఆ మోడల్ లేనే లేదు, సెప్టెంబరులో వచ్చింది. ఆగస్టులో కొన్నవాళ్లంతా 27,999 గానీ 29,999 గానీ కట్టారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. 24,999 మోడల్ తర్వాత వస్తుందని కంపెనీ మొదటే చెప్పింది. కానీ ప్రచారానికి ఒక ధర, అమ్మకానికి ఇంకో ధర అయ్యాయి. ఈ పద్ధతిని ఇప్పటికీ చాలా కంపెనీలు పాటిస్తున్నాయి. అందుకే కొత్త ఫోన్ ధర వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఈ ధర మోడల్ తొలి అమ్మకంలో ఉంటుందా?' అన్నదే.

ఆలస్యాలన్నీ ఒక్క జాతివి కావు. కొన్ని క్షమించదగ్గవి, కొన్ని కావు. తేడా తెలియాలంటే ఫోన్ మన దేశంలో అమ్మకానికి రావాలంటే ఏమేం జరగాలో తెలియాలి.

మొదటిది భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు. మొబైల్ ఫోన్‌కు, దాని బ్యాటరీకి, చార్జర్‌కు విడివిడిగా తప్పనిసరి నమోదు ఉండాలి. పరీక్ష మన దేశంలో బీఐఎస్ గుర్తించిన ల్యాబ్‌లో జరగాలి. పైగా నమోదు ఫ్యాక్టరీని బట్టి ఉంటుంది. అదే ఫోన్‌ను చైనాలో ఒకచోట, నోయిడాలో ఒకచోట తయారుచేస్తే రెండు చోట్లకూ వేర్వేరు నమోదు కావాలి. రెండోది వైఫై, బ్లూటూత్ రేడియోల కోసం టెలికాం శాఖకు చెందిన డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం. మూడోది 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన: ప్రతి ఫోన్ గుర్తింపు సంఖ్యనూ, అంటే ఐఎంఈఐ నంబరునూ, తొలి అమ్మకానికి ముందే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి, మన దేశంలో తయారైనదైనా సరే.

ఇవన్నీ వారాల పని. కానీ ఇవన్నీ ముందే తెలిసిన పనులు. ఏటా పదుల కొద్దీ మోడళ్లు తెచ్చే కంపెనీకి బీఐఎస్‌కు ఎంత సమయం పడుతుందో తెలియకపోవడం ఉండదు. కాబట్టి 'అనుమతుల వల్ల ఆలస్యం' అన్న వివరణను తేలిగ్గా ఒప్పుకోనక్కర్లేదు. దరఖాస్తు ఆలస్యంగా పెట్టారనో, మన మార్కెట్‌ను వరుసలో వెనక్కి నెట్టారనో అర్థం చేసుకోవచ్చు.

ఫోన్‌లోని ఒక భాగానికే చట్టంలో చోటు లేకపోతే మాత్రం అది వేరే సమస్య. 2019లో పిక్సెల్ 4లో చేతి కదలికలను గుర్తించే సోలీ అనే రాడార్ చిప్ పెట్టారు. అది 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మన దేశంలో ఆ బ్యాండ్ లైసెన్సు లేకుండా వాడటానికి అప్పట్లో అనుమతి లేదు. ఆ ఫోన్ మన దేశానికి రాదని గూగుల్ అక్టోబరులో ప్రకటన రోజునే చెప్పేసింది. నిరాశపరిచే మాటే, కానీ నిజాయతీగా, మొదటి రోజునే వచ్చిన మాట. ఆశపెట్టి నెలలు తిప్పడం కంటే ఇది ఎంతో మేలు. ఇలాంటి చిక్కు మనకే కాదు. 2025 సెప్టెంబరు 9న ప్రకటించిన ఐఫోన్ ఎయిర్‌లో సిమ్ ట్రే లేదు, ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ ఒక్కటే. చైనాలో ఫోన్లకు ఈ-సిమ్ ఆమోదం వచ్చేదాకా అక్కడ అమ్మకం వాయిదా పడి అక్టోబరు 22న మొదలైంది. మన దగ్గర జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తున్నాయి కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

ఇక తయారీలో తలెత్తే లోపాలు. ఇక్కడ శామ్‌సంగ్ మడత ఫోన్ గెలాక్సీ ఫోల్డ్ ఉదంతాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆలస్యం ఎప్పుడు మంచిదో, ప్రకటన ఎప్పుడు తొందరపాటో రెండూ ఇందులో ఉన్నాయి.

ఆ ఫోన్‌ను 2019 ఫిబ్రవరి 20న శాన్ ఫ్రాన్సిస్కోలో చూపించారు. ధర 1,980 డాలర్లు, అమెరికాలో అమ్మకం ఏప్రిల్ 26న అన్నారు. ఏప్రిల్ మధ్యలో సమీక్షకులకు ఇచ్చిన ఫోన్లు కొన్ని రోజుల్లోనే పాడయ్యాయి. కారణాలు రెండు. తెర మీద ఉన్న పల్చని పొరను కొందరు మామూలు స్క్రీన్ గార్డ్ అనుకుని పీకేశారు. అది తెరలో భాగం, పీకితే తెర పోతుంది. కానీ దాని అంచులు బయటికి కనిపించేలా ఉండటం వల్ల పీకాలనిపించేలా ఉంది, అది డిజైన్ లోపమే. రెండోది, మడత పెట్టే హింజ్ పైన, కింద ఉన్న సందుల్లోంచి దుమ్ము, చిన్న రేణువులు లోపలికి దూరి తెరను కింద నుంచి పైకి పొడిచాయి. ఏప్రిల్ 22న అమ్మకం వాయిదా వేశారు. తర్వాత పొర అంచులను ఫ్రేమ్ కిందికి పొడిగించారు, హింజ్ చివర్లకు రక్షణ మూతలు పెట్టారు, తెర కింద అదనపు లోహపు పొరలు వేశారు, హింజ్‌కూ బాడీకీ మధ్య సందు తగ్గించారు. సెప్టెంబరు 6న కొరియాలో అమ్మకం మొదలైంది. మన దగ్గర అక్టోబరు 1న 1,64,999 రూపాయల ధర ప్రకటించి, 4న బుకింగ్ తెరిచి, 20 నుంచి ఇచ్చారు.

వాయిదా వేయడం సరైన పని. చెడిపోయే ఫోన్ అమ్మడం కంటే ఐదు నెలలు ఆపడం నయం. తప్పు ఫిబ్రవరిలోనే జరిగింది. సామాన్యుడు జేబులో పెట్టుకుని తిరిగితే ఏమవుతుందో తేలకముందే తేదీ, ధర ప్రకటించేశారు.

ఆ వాయిదాలో మనం గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. అమెరికాలో ముందుగా బుక్ చేసినవారికి శామ్‌సంగ్ ఈమెయిల్ పంపింది: మే 31లోగా ఫోన్ పంపలేకపోతే, మీరు ఆగుతామని చెప్పకపోతే, ఆర్డర్ దానంతట అదే రద్దవుతుందని. దీని వెనక అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. చెప్పిన గడువులో సరుకు పంపలేని అమ్మకందారు కొన్నవారి సమ్మతి తీసుకోవాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. గడువే చెప్పకపోతే 30 రోజులు లెక్క. అంటే అక్కడ కొనేవాడు మౌనంగా ఉంటే డబ్బు తిరిగొస్తుంది. ఇక్కడ మనం వెంటపడితేనే వస్తుంది. ప్రీ-బుకింగ్ సేవలో మన దేశంలో ఉన్న అతి పెద్ద లోటు ఇదే. దీన్ని సరిచేయడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. చెప్పిన తేదీ దాటిన మర్నాడు ఆర్డర్ దానంతట అదే రద్దయ్యేలా దుకాణాలు తమ వ్యవస్థలో ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. ఎందుకు పెట్టుకోరన్నది నిలదీయాల్సిన ప్రశ్న.

పిక్సెల్ 9ఏ విషయంలో గూగుల్ కొంత నయంగా నడుచుకుంది. 2025 మార్చి 19న ప్రకటిస్తూ, కొద్ది ఫోన్లలో ఒక భాగం నాణ్యతను పరిశీలిస్తున్నామని చెప్పి, తేదీ ఇవ్వకుండా ఏప్రిల్ అని మాత్రమే అంది. అమెరికాలో ఏప్రిల్ 10న, మన దగ్గర 16న వచ్చింది. ఆరు రోజుల తేడాతో ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ అదే కంపెనీ ఏడు నెలల ముందు, 2024 ఆగస్టు 13న పిక్సెల్ 9 వరుసను చూపించి, పిక్సెల్ 9, 9 ప్రో ఎక్స్‌ఎల్‌లను ఆగస్టు 22న ఇక్కడ అమ్మి, చిన్న సైజు 9 ప్రో బుకింగ్‌ను మాత్రం అక్టోబరు 17 దాకా తెరవలేదు. చిన్న పిక్సెల్‌లో ప్రో కెమెరా కావాలనుకున్నవారికి మరో దారి లేదు. రెండు నెలలు ఆగాలి, లేదా చేతికి పెద్దదైన ఫోన్ కొనాలి.

ఈ విషయంలో బాగా మారింది యాపిల్. 2011లో ఐఫోన్ 4ఎస్ అమెరికాలో అక్టోబరు 14న వస్తే మన దగ్గర నవంబరు 25న వచ్చింది. ఐఫోన్ 5కు సెప్టెంబరు 21, నవంబరు 2. ఐఫోన్ 6కు సెప్టెంబరు 19, అక్టోబరు 17. ఐఫోన్ 8, ఎక్స్‌ఎస్, 11లకు తేడా ఒక్క వారానికి దిగింది. 2021లో ఐఫోన్ 13 నుంచి ఒకే రోజు, సెప్టెంబరు 24న రెండు చోట్లా. పదేళ్లలో ఆరు వారాల దూరం సున్నా అయింది. 2020 సెప్టెంబరులో సొంత ఆన్‌లైన్ స్టోరు తెరవడం ఇందులో ఒక మెట్టు. 2023లో ఐఫోన్ 15కల్లా మన దేశంలో తయారైన ఫోన్లే తొలిరోజు అమ్మకంలోకి వచ్చాయి. ప్రకటన రోజునే ధర, బుకింగ్ గంట, డెలివరీ తేదీ మూడూ చెప్పడం యాపిల్‌కు అలవాటు. ఐఫోన్ 14 ప్లస్ లాంటి మోడల్ ఆలస్యమైనా, సెప్టెంబరు 7న ప్రకటించినప్పుడే అక్టోబరు 7 అని చెప్పారు. ప్రీ-బుకింగ్ సేవగా చూస్తే ఇప్పుడు మన దగ్గర అన్నిటికంటే నమ్మదగ్గది ఇదే.

శామ్‌సంగ్ ఎస్ సిరీస్‌ది రెండో స్థానం. ఎస్24ను 2024 జనవరి 17న చూపించి మర్నాడే మన దగ్గర బుకింగ్ తెరిచింది, 31న అమ్మకం. ఎస్25కు జనవరి 22, ఫిబ్రవరి 7. రెండు వారాలు చాలా మంచి గడువు, సమీక్షలు చదవడానికీ సరిపోతుంది. ఈ రెండు ఫోన్లకూ ప్రకటనకు ముందే 1,999 రూపాయలతో పేరు నమోదు చేయించుకున్న పద్ధతి మీద మాత్రం ఒక మాట. ధర తెలియకుండా, ఫోన్ చూడకుండా కట్టే డబ్బు అది. తిరిగొస్తుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. కానీ దాని ప్రయోజనం సాధారణంగా కూపన్ రూపంలో, గడువు తేదీతో, కొన్ని మోడళ్లకే ఉంటుంది. ఆ షరతులు చదివాకే కట్టండి.

నథింగ్ అనే కంపెనీ తెచ్చిన ఫోన్ (1)ది ఇంకో రకం. 2022 మార్చి 23న 'వేసవిలో వస్తుంది' అన్నారు. అప్పటి నుంచి ఒక నెల వెనక భాగం, ఇంకో నెల లైట్లు అంటూ ముక్కలు ముక్కలుగా చూపిస్తూ జూలై 12 దాకా లాగారు. మధ్యలో ఫ్లిప్‌కార్ట్‌లో 2,000 రూపాయల ప్రీ-ఆర్డర్ పాస్ అమ్మారు. అమ్మకం జూలై 21న. ప్రకటన నుంచి అమ్మకానికి తొమ్మిది రోజులే అని కంపెనీ చెప్పుకోవచ్చు. ఊరించడం మొదలైన రోజు నుంచి లెక్కిస్తే నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో వేరే ఫోన్ కొనకుండా ఆపగలిగితే కంపెనీకి పైసా ఖర్చు లేని లాభం. ఆగినవారికి మాత్రం ధర గానీ పూర్తి స్పెసిఫికేషన్లు గానీ తెలియవు.

జియోఫోన్ నెక్స్ట్ ఆలస్యం వీటన్నిటికంటే ఎక్కువ బాధించింది, ఎందుకంటే అది ఖరీదైన ఫోన్ కొనలేనివారికి ఇచ్చిన మాట. 2021 జూన్ 24న రిలయన్స్ వార్షిక సమావేశంలో వినాయక చవితికి, సెప్టెంబరు 10న, మార్కెట్లోకి వస్తుందన్నారు. సరిగ్గా పండుగ ముందు రాత్రి దీపావళికి వాయిదా వేశారు, చిప్‌ల కొరత అన్నారు. ఆ ఏడాది చిప్‌ల కొరత నిజమే, ప్రపంచమంతా ఉంది. కానీ ఆ కొరత జూన్‌లోనూ ఉంది. నవంబరు 4న వచ్చినప్పుడు ధర 6,499. ఈఎంఐలో తీసుకుంటే ముందు 1,999, ప్రాసెసింగ్ రుసుము 501 కట్టి, మిగతాది 18 లేదా 24 నెలల్లో. అప్పటికి కోవిడ్ వల్ల పిల్లల చదువులు ఫోన్ల మీదే నడిచాయి. పండుగకు కొందామని ఆగిన కుటుంబానికి రెండు నెలలంటే సగం టర్మ్. ఇలాంటి ఫోన్‌కు తేదీ ప్రకటించే ముందు ఎక్కువ జాగ్రత్త ఉండాల్సింది.

ఇక అసలు రాని ఫోన్లు. 2016 ఫిబ్రవరిలో నోయిడా కంపెనీ రింగింగ్ బెల్స్ 251 రూపాయలకు ఫ్రీడమ్ 251 ఇస్తామని బుకింగ్‌లు తెరిచింది. జూన్ 30లోగా ఇస్తామన్నారు. ఆ ధరకు తెర ఒక్కటే రాదని ఫోన్ విడిభాగాల ధరలు తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఏడాది తిరిగేసరికి వ్యవహారం పోలీసు కేసుల దాకా వెళ్లింది. విదేశాల్లో ప్యూరిజం కంపెనీ లిబ్రెం 5 ఫోన్‌ది మోసం కాదు గానీ, 2017లో చందాలు పోగుచేసి 2019 జనవరికి ఇస్తామన్నది, పెద్దఎత్తున తయారీ 2020 నవంబరులో గానీ మొదలవలేదు. కొత్త కంపెనీ, మొదటి ఫోన్, ముందే పూర్తి డబ్బు: ఈ మూడూ కలిసినచోట డబ్బు పెట్టకండి.

ఇంతకూ కంపెనీలు ముందే ఎందుకు ప్రకటిస్తాయి? 2007లో మొదటి ఐఫోన్‌ను జనవరి 9న చూపించి జూన్ 29న అమ్మారు. అమెరికా రేడియో అనుమతుల దరఖాస్తులు బహిరంగమవుతాయి కాబట్టి, అక్కడ బయటపడేకంటే తామే చూపించడం మేలనుకున్నామని అప్పుడు వేదిక మీదే వివరణ ఇచ్చారు. ఆ వాదనలో న్యాయం ఉంది. మన బీఐఎస్ జాబితాల్లోనూ మోడల్ నంబర్లు ముందే కనిపిస్తాయి. కానీ అది మొదటి ఐఫోన్ సంగతి. ఏటా అదే నెలలో అదే పేరు పక్కన కొత్త అంకె చేర్చే ఫోన్‌కు దాచడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇప్పటి ఆలస్యాలకు ఎక్కువగా కారణం పోటీ కంపెనీ ఫోన్ కొనకుండా మనల్ని ఆపడం, స్టాక్‌ను పెద్ద మార్కెట్లకు ముందు పంపడం, మన దగ్గర పండుగ అమ్మకాల తేదీలకు, బ్యాంకు ఆఫర్లకు సరిపోయేలా కూర్చడం.

ఆ బీఐఎస్ జాబితా మనకూ ఉపయోగపడుతుంది. బీఐఎస్ వెబ్‌సైట్‌లో నమోదైన ఉత్పత్తుల జాబితా ఎవరైనా వెతకవచ్చు. విదేశాల్లో ప్రకటించిన ఫోన్ మోడల్ నంబరు అందులో కనిపించకపోతే ఇక్కడ అమ్మకం దగ్గర్లో లేదని అర్థం. కనిపిస్తే రావచ్చు. అయితే అది తేదీ కాదు, నమోదై కూడా రాని మోడళ్లుంటాయి. మోడల్ నంబరులో చివరి అక్షరం దేశాన్ని బట్టి మారుతుంది, అది సరిచూసుకోవాలి.

డబ్బు కట్టే దగ్గర జాగ్రత్తలు. తేదీ చెప్పని ఫోన్‌కు టోకెన్ మించి కట్టవద్దు, ఆ టోకెన్ కూడా పూర్తిగా వెనక్కొస్తుందని రాసి ఉంటేనే. పూర్తి డబ్బు కట్టాల్సివస్తే క్రెడిట్ కార్డుతో కట్టండి, సరుకు రాకపోతే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే డబ్బు వెనక్కి, అడిగే వీలుంటుంది. కానీ ప్రీ-బుకింగ్‌ను ఈఎంఐలో పెట్టేముందు ఆలోచించండి. చాలాచోట్ల ఆర్డర్ పెట్టిన రోజే మొత్తం కార్డు మీద పడుతుంది, ఫోన్ రాకముందే మొదటి వాయిదా బిల్లులోకి వస్తుంది. తర్వాత ఆర్డర్ రద్దు చేసుకుంటే ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద కట్టిన 18 శాతం జీఎస్టీ చాలా బ్యాంకులు వెనక్కివ్వవు. 'నో కాస్ట్' అన్నచోట కూడా ఆ జీఎస్టీ మనదే.

ఎక్స్ఛేంజ్‌లో వచ్చే చిక్కు వేరు. బుకింగ్ రోజున పాత ఫోన్‌కు చూపించిన ధర డెలివరీ రోజున ఇంటికొచ్చిన మనిషి పరీక్షించాకే ఖాయమవుతుంది. మధ్యలో నెల గడిస్తే ఆ నెలలో పాత ఫోన్ తెరకు గీత పడినా, బ్యాటరీ ఉబ్బినా ఎక్స్ఛేంజ్ రద్దవుతుంది, తేడా మొత్తం అక్కడికక్కడే కట్టాలి. బుకింగ్‌లో ఇచ్చిన ఐఎంఈఐ ఉన్న ఫోన్‌నే ఇవ్వాలి. అందుకే డెలివరీ తేదీ రెండు వారాలు దాటితే ఎక్స్ఛేంజ్ లేకుండా బుక్ చేసి, పాత ఫోన్ విడిగా అమ్ముకోవడం మంచిది.

ధరలు కూడా ఆగవు. 2020 ఏప్రిల్ 1న ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఆ మార్పుకు ముందు ఆర్డరైన ఫోన్‌కూ తర్వాత కొన్నదానికీ ధరలో తేడా వచ్చింది. బుకింగ్ ధరకు హామీ ఉందా, పన్ను మారితే తేడా ఎవరిది అన్నది షరతుల్లో వెతకండి. మరోవైపు ఆగితే లాభమూ ఉంటుంది. పిక్సెల్ 6ఏ 2022 జూలైలో 43,999కి వచ్చింది. రెండు నెలలకే పండుగ అమ్మకాల్లో బ్యాంకు తగ్గింపు కలుపుకొని 30,000 లోపు దొరికింది. తొలిరోజే కొన్నవారి బాధ అర్థం చేసుకోదగ్గదే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆండ్రాయిడ్ ఫోన్ బుక్ చేయడానికి గట్టి కారణం ఉంటే తప్ప దసరా అమ్మకాల దాకా ఆగండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, దుబాయ్‌లో ఉన్న బావగారో తెస్తారులే అని చాలా తెలుగు ఇళ్లలో అనుకుంటారు. అది పనిచేసే దారే, కొన్ని సంగతులు అడిగి కొనిపిస్తే. క్యారియర్ లాక్ (ఒక్క కంపెనీ సిమ్‌కే పరిమితం చేసే తాళం) లేని ఫోనే కొనాలి. వాయిదాల్లో ఉన్న ఫోన్ మన సిమ్‌తో పనిచేయదు. అమెరికా ఐఫోన్లకు 14 నుంచి సిమ్ ట్రే లేదు. అమ్మానాన్నలకు ఇచ్చే ఫోనైతే ఈ-సిమ్ మార్చుకోవడం వాళ్లకు ఇబ్బందేమో చూడండి. జపాన్ ఐఫోన్లలో కెమెరా చప్పుడు ఆపలేకపోవచ్చు. 5జీకి ఎన్28, ఎన్78 బ్యాండ్లు రెండూ ఉండాలి, జియోకు ముఖ్యంగా ఎన్28. చాలా దేశాల్లో అమ్మే కొత్త శామ్‌సంగ్ ఫోన్లు ముందు అమ్మిన ప్రాంతపు సిమ్‌తో కాసేపు కాల్ మాట్లాడాకే వేరే దేశపు సిమ్ తీసుకుంటాయి, కాబట్టి అక్కడే ఆ పని చేయించండి. పిక్సెల్‌కు వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే. ఇక్కడ ఆ మోడల్ అమ్మకంలోనే లేకపోతే తెర పగిలినప్పుడు విడిభాగం దొరకడం కష్టం. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల విదేశీ మోడళ్లు ముందే దొరికినా, జీఎస్టీ బిల్లు లేని ఫోన్ ఎంత చవకైనా వద్దు.

చెప్పిన తేదీ దాటిపోతే ఏం చేయాలి? ముందు ఆర్డర్ పేజీలో మొదట చూపిన డెలివరీ తేదీ స్క్రీన్‌షాట్ ఉండాలి, బుక్ చేసిన రోజే తీసిపెట్టుకోండి. తర్వాత ఆ తేదీ మారినా పాతది కనపడదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ దుకాణానికీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. తాము భరించని రద్దు రుసుము మన మీద వేయకూడదు. కస్టమర్ కేర్ చాట్‌లో కాకుండా ఆ అధికారి ఈమెయిల్‌కే రాయండి, ఆర్డర్ నంబరు, చెప్పిన తేదీ, కట్టిన మొత్తం, మీకు కావలసింది ఫోనా డబ్బా అన్నది నాలుగు వాక్యాల్లో. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోగా వేయాలి.

ఎట్టకేలకు పెట్టె ఇంటికొచ్చాక, ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చిన మనిషి ముందే పెట్టె విప్పి చూసే పద్ధతి) అయితే ఓటీపీ చెప్పకముందే, కాకపోతే వీడియో తీస్తూ విప్పండి. పెట్టె మీద తయారైన నెల, ఏడాది, ఎంఆర్‌పీ తప్పకుండా ఉండాలి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ, పెట్టె మీదిది, బిల్లు మీదిది మూడూ ఒక్కటే కావాలి. కేవైఎం అని ఇంగ్లిషులో రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ జోడించి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే మోడల్ పేరు వస్తుంది. వారంటీ మొదలైన తేదీని కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరుతో చూడండి. బిల్లు తేదీకంటే ముందే మొదలైనట్టు కనిపిస్తే ఫోన్ వాడకం మొదలుపెట్టకముందే ఆ పేజీ స్క్రీన్‌షాట్‌తో రీప్లేస్‌మెంట్ అడగండి. చాలా దుకాణాల్లో ఆ అవకాశం ఏడు రోజులే ఉంటుంది.